గదిలో రెండో మనిషి

పెర్సిస్‌కి నలభై మూడేళ్ళు. తాడేపల్లిగూడెంలో ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో అటెండరు. పంతొమ్మిదేళ్ళుగా పిల్లలకి పుస్తకాలు అందిస్తోంది. ఏ పుస్తకం ఏ అరలో ఉందో లైబ్రేరియన్ గారి కన్నా ఆవిడకే బాగా తెలుసు. లోపల ఏముందో మాత్రం అడక్కూడదు. పట్టాలిచ్చే రోజున నల్ల గౌన్లు బీరువాలోంచి తీసి, ఇస్త్రీ చేయించి, ఒక్కొక్కరి భుజాల మీద సర్ది పిన్ను పెట్టేది కూడా ఆవిడే. "థాంక్స్ ఆంటీ" అనేసి పిల్లలు ఫోటోలకి పరుగెడతారు. ఒక ఏడు హాలు ఖాళీ అయ్యాక తనూ ఒక గౌను తొడుక్కుని చూసుకుంది. ఎవరి కంటా పడలేదు కాబట్టి సరిపోయింది, పడితే ఇప్పటికీ ఏడిపిస్తూ ఉండేవారు.

ఆశ ఇవాళ్టిది కాదు. కైకలూరు దగ్గర పల్లెలో ఉన్న రోజుల్లో, సరిగ్గా ఇంటర్ రెండో ఏడు పరీక్షలప్పుడు, తండ్రి సత్యానందానికి పచ్చకామెర్లు ముదిరాయి. తల్లి దేవకుమారి చేపల చెరువు పని మానితే ఇంట్లో పొయ్యి వెలగదు. ఆయన దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి. "ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడు రాద్దువుగానిలే" అంది తల్లి. తండ్రి దక్కలేదు, వచ్చే ఏడనేది రానూ లేదు. ఆ సంగతి తల్లీ మళ్ళీ ఎత్తలేదు, కూతురూ ఎత్తలేదు.

ముప్పై తొమ్మిదో ఏట ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి గట్టెక్కింది పెర్సిస్. వెంటనే ఆన్‌లైన్‌లో బి.ఏ.కి చేరింది. ఇల్లు ఏలూరులో కాబట్టి పొద్దున్నే గూడెం వెళ్ళే పాసింజరే ఆవిడ క్లాసురూము. పూళ్ళ స్టేషన్ దాటగానే సిగ్నల్ పోయి, ఫోన్లో మేష్టారు నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపోయేవారు. ఆయన మళ్ళీ కదిలేసరికి చరిత్రలో ఒక సామ్రాజ్యం కూలిపోయి ఉండేది. భర్త మధుబాబు చేపల లారీ మీద వెళ్తే పది రోజులకి గానీ రాడు. ఇంట్లో సణిగేది తల్లి ఒక్కతే. "ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరిస్తావే?" అనేది. పెర్సిస్‌కి పట్టా కావాలి. అంతకన్నా లోపల, చదువుకోమ్మా అని తల్లి నోటి నుంచి ఒక్క మాట కావాలి. అది అడిగి పుచ్చుకునేది కాదని తెలుసు. తెలిసి కూడా ఎదురుచూడ్డం మానలేకపోయింది.

ఆఖరి పేపరు వచ్చింది. ఇంట్లోనే పరీక్ష, ల్యాప్‌టాప్ కెమెరా ముందు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, మాట వినపడకూడదు, చూపు తెర మీంచి కదలకూడదు. గోడల మీద రాతలేవీ ఉండకూడదన్నారని బైబిల్ వాక్యాల క్యాలెండరు కూడా తీసేసింది.

"వాక్యం కూడా కాపీయేనా?" అంది దేవకుమారి.

"రూల్సమ్మా. మూడు గంటల సేపు లోపలికి రాకు."

అన్నీ చూసుకుంది గానీ అసలుది మర్చిపోయింది. వాళ్ళ ఇళ్ళల్లో ఊరికి బయల్దేరినా, ఆపరేషన్‌కి వెళ్ళినా, పరీక్షకి వెళ్ళినా, గడప దాటేముందు పెద్దవాళ్ళు తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. ఇదేమో గడప దాటని పరీక్షాయె. చెప్పులు వేసుకుంటే గుర్తొచ్చేదేమో, కాఫీ తాగి నేరుగా వెళ్ళి కూర్చుంది. తల్లికి గుర్తొచ్చింది. బయట నలభై నిమిషాలు కొట్టుకులాడి, ఇక ఉండబట్టలేక తలుపు తోసింది. మోకాళ్ళ నొప్పితో ఒక్కో అడుగే వేసుకుంటూ వచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టింది. వెళ్ళమని సైగ చెయ్యబోయింది పెర్సిస్.

"అయ్యా, తండ్రీ," అని మొదలుపెట్టింది దేవకుమారి. "నీ బిడ్డ పరీక్ష రాస్తోంది ప్రభువా. దీని చదువు ఆపింది నేనేనయ్యా. ఆ రోజు పెన్నులు సర్దుకుని గుమ్మంలో నిలబడింది. దీని మొహం చూస్తే పంపించేస్తానేమోనని పొయ్యి వైపు తిరిగి వద్దన్నాను. ఇన్నేళ్ళూ దీనితో చెప్పలేకపోయాను తండ్రీ. నన్ను క్షమించమని దీని మనసుకి నువ్వే చెప్పయ్యా."

మనిషితో చెప్పుకోలేనిది, ఆ మనిషి వింటుండగా దేవుడికి చెప్పుకోవడం వాళ్ళకి అలవాటే. ప్రార్థనని మధ్యలో ఆపడం మాత్రం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఉన్నా పెర్సిస్ ఆపేది కాదు. తెర మీద ఎర్ర అక్షరాలు హెచ్చరిస్తున్నాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. చివర తల్లితో పాటు "ఆమెన్" అంది. కళ్ళు తెరిచేసరికి తెర మీద పేపరు లేదు.

గదిలో రెండో మనిషి, మాటలు, చూపు మళ్ళించడం. పేపరు రద్దు, మళ్ళీ ఆరు నెలలకి. వీడియో కాల్‌లో సంజాయిషీ అడిగినాయన మర్యాదస్తుడే.

"ఆవిడేం చెప్పారండీ మీకు, జవాబులా?"

"కాదండీ. మా అమ్మండీ. ప్రార్థన చేసిందండీ."

"నిజమే కావచ్చండీ. కానీ రూలు రూలే."

"అలాగేనండీ. ఒక్క మాటండీ. అమ్మ మాట్లాడిందంతా మీ దగ్గర రికార్డయి ఉంటుంది కదండీ. అది నాకు పంపిస్తారాండీ?"

అలాంటివి అభ్యర్థులకి ఇవ్వరట. ఎక్కడో ఎవరి కంప్యూటర్లోనో ఆ మాటలు పడి ఉన్నాయి, అక్కడ వాటితో ఎవరికీ పని లేదు. అది తలుచుకుంటే పేపరు పోయినందుకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

నెట్ పోయి పరీక్ష ఆగిపోయిందని తల్లికి అబద్ధం చెప్పింది. దేవకుమారి ఎప్పటిలాగే ఉంది. ఒకసారి "ఆ రోజు ప్రార్థనలో అన్నావు కదమ్మా" అని పెర్సిస్ కదిపితే, "పులుసు అడుగంటుతున్నట్టుంది, చూడు" అంది.

ఆరు నెలలకి మళ్ళీ పరీక్ష. ఈసారి పెర్సిస్ ముందే తల్లి మంచం పక్కన మోకరించి తల వంచింది. దేవకుమారి చెయ్యి పెట్టింది.

"ప్రభువా, ఈసారి నెట్ పోకుండా చూడు. చదివిందంతా దీనికి గుర్తు చెయ్యి. ఏసయ్య నామంలో, ఆమెన్."

పెర్సిస్ ఆమెన్ అనలేదు. ఇంకా ఏదో ఉందన్నట్టు అలాగే తల వంచుకుని ఉండిపోయింది.

"అయిపోయిందే. ఇంకేం కావాలి?"

"ఏం లేదమ్మా."

"లే మరి, టైమవుతోంది" అంది దేవకుమారి. అందే గానీ చెయ్యి తియ్యలేదు. పెర్సిస్ కూడా లేవలేదు.