ఓటుకు పెట్టిన బొట్టు

మా పక్కింటి అవ్వ పోయింది. పార్లమెంటు ఓట్లయి వారం తిరగలేదు. పొద్దున చాయ్ గిన్నె పొయ్యి మీద పెట్టానో లేదో, ఆమె కోడలు గోడ మీద నుంచి "అక్కా, మా అత్త పలుకుతలేదు" అని కేక వేసింది. ఎండదెబ్బ అని మొయినాబాద్ దవాఖానలో ముందే చెప్పారు. నేను కాదనను. కానీ ఓట్ల రోజు ఆమె పక్కన ఉన్నది నేను. నేను చూసింది కూడా చెప్పాలి.

ఈ ఊరికి నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే ఓట్లు వచ్చాయి. ఆ పొద్దున అవ్వ కుంకుమ భరిణె పట్టుకుని మా గడప ముందు నిలబడింది. పెండ్లికి పిలిచినట్టు నా నుదుట బొట్టు పెట్టి, "ఓట్లున్నయి, రా బిడ్డా" అన్నది. మా అత్త ముఖం మాడిపోయింది. అవ్వకు భర్త పోయి అప్పటికే చాలా ఏండ్లు. అలాంటామె కొత్త కోడలికి బొట్టు పెట్టడమా!

"నీకేమన్న బుద్ధున్నదా అక్కా?" అని గట్టిగానే అన్నది అత్త.

అవ్వ నవ్వింది. "ఓటు కాడ ఆడోళ్లదంత ఒక్కటే లైను చెల్లె. ముత్తైదువలకొకటి, నాకొకటి ఏసిండ్రా? గా లైనుకు నేను పిలువొచ్చు."

ఒకప్పుడు మా వాడలో ఏ పెండ్లయినా బొట్టు పిలుపుకు ఆమెనే పంపేవారట. భర్త పోయాక పంపేవాళ్లు లేరు, ఆమెను పిలిచేవాళ్లూ లేరు. మన మర్యాదలు అట్లా ఏడ్చాయి. భరిణె మాత్రం దాచుకుని, ఓట్లకు బయటికి తీసేది. నేను పలానా ఇంటి కోడలినని కాకుండా, నాకోసమని ఈ ఊళ్లో అందిన మొదటి పిలుపు ఆమెదే. అది నేను మరిచిపోను.

చర్చి వాడలో బొట్టు పెట్టుకోరు. అక్కడ అరచేతిలో చిటికెడు చక్కెర పోసి పిలిచేది. ఒక వాడ ఒక పార్టీ, ఇంకో వాడ ఇంకో పార్టీ, మా ఇంట్లోనే అన్నదమ్ములు రెండు పార్టీలు. అవ్వది ఏ పార్టీయో మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. కండువాల వాళ్లు ఆటపట్టిస్తే, "నువ్వెవలకేస్తవో నేనడిగిన్నా? వస్తవా రావా, గదొక్కటి చెప్పు" అనేది. మేము మంచి చీరలు కట్టుకుని బడి దాకా గుంపుగా నడిచేవాళ్లం. లైనులో ఒకటే ముచ్చట్లు. అవ్వ పెండ్లి పెద్దలాగా అటూ ఇటూ తిరుగుతూ "జర జరుగుండ్రి" అని అందరినీ సర్దేది. ఓట్లయ్యాక కూడా ఊరుకునేది కాదు. బావి కాడ, బస్సు కాడ, ఎవరు కనిపించినా "ఏదీ, వేలు చూపియ్యి" అని అడిగేది. సిరా గుర్తు కనిపిస్తే ఆ వేలిని ముద్దు పెట్టుకునేది.

తర్వాత చేవెళ్ల రోడ్డు పొడుగునా పొలాలన్నీ ఫామ్‌హౌస్‌లయ్యాయి. భూములు అమ్మినవాళ్లు పిల్లల చదువులని పట్నంలో కిరాయి ఇండ్లకు పోయారు. ఓట్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. సర్పంచ్ ఓట్లకైతే బండ్లు పెట్టి మరీ తీసుకొస్తారు. ఢిల్లీ ఓట్లకు అడిగే దిక్కు లేదు.

ఈసారి కూడా అవ్వ భరిణె తీసింది. నేను వెంట నడిచాను. సగం ఇండ్లకు తాళాలు. సొంత కోడలే ఫామ్‌హౌస్‌లో వంట పనికి పోయింది. అక్కడ చుట్టాలొచ్చారని సెలవియ్యలేదట. తలుపు తీసిన ఒకామె, అవ్వతో ఎన్నోసార్లు బొట్టు పెట్టించుకున్నదే, గడప దాటలేదు.

"గీ ఎండల ఎవలొస్తరవ్వా? సర్పంచ్ ఓట్లయితే కవరన్న ఇస్తరు" అన్నది. ఆ తర్వాత నవ్వుతూనే, "ఇంతకు నిన్నే పార్టీవోళ్లు పంపిండ్రు? నీకేమిచ్చిండ్రు?" అని అడిగింది.

కుంకుమ అంటిన వేలు గాలిలోనే ఆగిపోయింది. అవ్వ ఆ వేలిని మెల్లగా తన కొంగుకే తుడుచుకున్నది. ఇంకో ఇంటికి పోలేదు.

బడి దగ్గర లైను కోసం తాడు కట్టి ఉన్నది, మనుషులు లేరు. "లైనేం లేదు, సీదా లోపలికి పోవ్వా" అన్నది పోలీసమ్మ. ఇద్దరం ఓటు వేసి బయటికొచ్చాం. అవ్వ ఇంటి దారి పట్టలేదు. ఆడవాళ్ల తాడు పక్కన పోయి నిలబడింది.

"వస్తరు బిడ్డా, జర చూద్దం."

షామియానా నీడ అక్కడి దాకా లేదు. ఎవరో ఒకరిద్దరు వచ్చి పోయారు, అంతే. ఎండ నడినెత్తికి వచ్చాక నేను చెయ్యి పట్టి లాగాను. "అందర్ల నేను నిలవడ్డ జాగ గిదొక్కటే ఉండె. గిది గూడ పాయె" అన్నది. ఆమె ఏడవలేదు, నేనే ఏడ్చాను. ఇంటికొచ్చి మంచం పట్టింది, మళ్లీ లేవలేదు.

స్నానం చేయించడానికి మా వాడ ఆడవాళ్లంతా వచ్చారు. పట్నం నుంచి కూడా వచ్చారు. వాకిలి పట్టలేదు. ఇంతమందిని ఒక్కచోట చూడాలని ఆమె ఎంత ఆశపడిందో! భరిణె తెచ్చి మూత తీశాను. ఒక పెద్దామె నా చెయ్యి పట్టుకుని, "వద్దు బిడ్డా, భర్త లేనామెకు పెట్టరు" అన్నది. ఎంత చెప్పినా నా మాట చెల్లలేదు.

నుదురు అట్లాగే ఉన్నది. ఎన్ని చెంబుల నీళ్లు పోసినా ఎడమ చేతి వేలి మీద సిరా గీత మాత్రం పోలేదు. ఆ వేలు పట్టుకుని, చుట్టూ ఉన్న చేతుల వైపు ఒక్కొక్కటిగా చూశాను. నీళ్లకు తడిసిన గోళ్లన్నీ శుభ్రంగా, తెల్లగా మెరుస్తున్నాయి.