మేష్టారి గోడ మీది సోంగే మొహం

మా పక్కింటి మేష్టారు మొన్న పొద్దున్న, మనవాళ్లు కూలికి వలసొచ్చిన ఈ రేవుపేట అహ్లోన్‌లో పోయారు. పక్షవాతం చాలాకాలం పీడించింది, తొందరపడలేదు. సంతాపసభలో అందరూ ఆయనకు భయమంటే తెలియదన్నారు. నిజమే. ఉన్న భయమంతా ఆయన ఇతరుల పిల్లలకే పంచిపెట్టారు.

ఆయన ఇంటి వరండాయే బడి. అక్కడి గోడకు ఒక కొయ్య మొహం ఉండేది. ఓడ సరంగు ఒకడు కాంగో నుంచి తెచ్చిచ్చాడు. అక్కడి సోంగే జాతివాళ్లదట. తెల్లటి మొహం, నుదుటి నుంచి గడ్డం దాకా చెక్కిన సన్నటి చారలు, పెట్టెలా పొడుచుకొచ్చిన నోరు. ఎక్కం తప్పినవాణ్ణి దాని కింద నిలబెట్టి, “దెయ్యం చూస్తోందిరా” అనేవారు. కృతజ్ఞత మరవకూడదు: రేవుకూలీల పిల్లలకు ఎక్కాలు బాగా వచ్చాయి. కొందరు ఇప్పటికీ నిద్రలో అప్పజెబుతారు.

మిల్లు లైన్ల కూలిగదుల్లో ఉండే ఆడవాళ్లకు మాత్రం అది దెయ్యంలా కనబడలేదు. మజ్జిగ పోసి చల్లబరిచిన అమ్మవారి మొహం మీద చారలు అలాగే ఉంటాయి. బడి ముందు నుంచి పోతూ దండం పెట్టుకునేవారు.

నా మనవరాలికి మశూచి వచ్చినప్పుడు మా కోడలు అక్కడికే వెళ్లింది. నేను వెంట ఉన్నాను.

“మేష్టారుబాబూ, పిల్లకి అమ్మోరు పోసింది. ఆ తల్లిని ఒక్కపూట మా ఇంటికి పంపండి. సల్ల పోసి తెచ్చిచ్చెస్తాను.”

“తల్లేటే, నీ మొహం! ఆఫ్రికా దెయ్యమిది” అంటూ ఆయన దాన్ని తన మొహానికి పెట్టుకుని, “ముందు నీ పిల్లనే తింటాను!” అని మీదికి ఉరికారు. కోడలు వెనక్కి మెట్ల మీద పడింది. వరండాలోని పెద్దమనుషులు పగలబడి నవ్వారు. ఆ వారంలోనే పిల్ల పోయింది.

మొహం ఇస్తే బతికేదని నేననను. పిల్ల తల్లి దండం పెట్టుకునేది, అంతే. అదైనా దక్కలేదు.

తర్వాత ఒక బెల్జియం యాత్రికుడి పుస్తకంలో చదివాను. సోంగేవాళ్లలో నడినెత్తిన ఎత్తైన గట్టు ఉండే మగ మొహాలు బెదిరించడానికి, దండించడానికి. తెల్లవి ఆడ మొహాలు. నెలవంక పొడిచినప్పుడు, పెద్దవాళ్లు పోయినప్పుడు బయటికొచ్చి మెల్లగా ఆడతాయి, పూర్వికులు చల్లగా చూడాలని. మేష్టారికి చెప్పాను. “చదివినవాడివి, నువ్వూ నమ్ముతావా?” అన్నారు. ఆ మాట ఆయన అందరినీ అనేవారు.

ఆఖరి రోజుల్లో ఆయన నోరు ఒక పక్కకు లాగేసింది. వరండాలో కూర్చోబెడితే పిల్లలు చుట్టుతిరిగి పోయేవారు.

పాడె కడుతుండగా ఆయన భార్య, “అదంటే వారికి ప్రాణం. చితిలో పెట్టండి” అంది. మా కోడలు అప్పటికే దాన్ని గోడ మీంచి దించింది.

“దెయ్యాన్ని తోడిచ్చి పంపుతారేటమ్మా? తినేత్తాదని మేష్టారే సెప్పారు కదా. నాకిచ్చెయ్యండి.”

ఆయన భార్య తలూపింది. పెద్దల చావుకు ఏ మొహం రావాలో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ సంగతి చెప్పకుండా పాడె తాళ్లు బిగించాను.

పాడె రేవు వైపు కదిలింది. కోడలు, దానికి దండం పెట్టుకునే ఆడవాళ్లున్న మిల్లు లైన్ల వైపు నడిచింది, ఆ మొహాన్ని చంకనెత్తుకుని, దాని నుదుటికి ఎండ తగలకుండా కొంగు కప్పి.