చీర ఉయ్యాలలో గుమ్మడికాయ

వీధి వీధంతా చెమటోడ్చి పెంచిన తోటను పావుగంటలో ముంచబోయిన మహానుభావుణ్ణి చూడాలనుందా? నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. అరవనాట షోళింగనల్లూరులో ఉద్యోగం, వ్యాసర్పాడిలో ఇల్లు, ఒంటినిండా భయం.

మా వీధి చివర చెత్త పోసే ఖాళీ జాగాను మేమే బాగుచేసి కూరగాయలు వేశాం. జాగా కార్పొరేషన్‌ది. "ఆఫీసరొచ్చి చూస్తాడు. తోట బాగుంటే ఉంచుతాం, లేదంటే బళ్లు నిలిపే స్థలం చేస్తాం" అన్నారు వాళ్లు.

తోటకి పెద్ద దిక్కు మా పక్కింటి రాజమ్మ పెద్దమ్మ. ఆవిడ పందిరికి ఒక బూడిద గుమ్మడికాయ కాసింది. బరువుకి తీగ తెగుతుందని తన పాత నూలుచీరతో దానికి ఉయ్యాల కట్టింది. ఆఫీసరుకు చూపించబోయేది దాన్నే. దారినపోయే ప్రతివాడూ ఆగి "అబ్బా, ఎంత కాయ!" అనేవాడు. అన్నప్పుడల్లా నా గుండె గుభేలుమనేది. దిష్టి తగిలితే? కాయ కుళ్లితే?

ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే పెద్దమ్మ పిలిచింది.

"ఒరే, తోటకి దిష్టి తీయాల. ఆ చివర చిన్న కాయ ఒకటుండాది, కోసి వీధి మూలమీద కొట్టేసి రా. నేను తలకి పోసుకొనొస్తా."

చిన్న కాయా! అంత దిష్టిని అది ఎలా మోస్తుందండీ, మీరే చెప్పండి? నా భయానికి సరిపడే కాయ తోటలో ఒక్కటే ఉంది.

దాన్ని మోసుకెళ్లేసరికి నడుము విరిగినంత పనయింది. కుంకుమ నింపి, కర్పూరం వెలిగించి, తోటవైపు మూడుసార్లు తిప్పి, ఎత్తి కొట్టాను. ధడేల్! కుక్కలు కూడా పరారు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని తిరిగొస్తే, పెద్దమ్మ ఖాళీ ఉయ్యాల ముందు నిలబడి ఉంది.

"కాయేదిరా?"

"కొట్టేసినా పెద్దమ్మా. దీనికి దిష్టి తగలకూడదని."

"దీనికి దిష్టి తగలకూడదని దీన్నే కొట్టేసినావా!"

ఆ మాట ఆవిడ నోట వింటేగాని నాకు వెలగలేదు. ఆవిడ తిట్టలేదు, అది ఇంకా భయం. "ఈడ గాజుపెంకులు ఏరి ఏరి చేతులు కోసుకున్నాం గదరా" అంది మెల్లగా.

ఇంతలో స్కూటరు చప్పుడు. ఆఫీసరు!

భయంలో చేతులు వాటంతటవే పనిచేస్తాయి. పక్కనే బండిమీదున్న నా తెల్ల హెల్మెట్ ఉయ్యాలలో పడేసి, దిష్టి పళ్లెంలోని విభూతి దానికి ఇంత పూశాను. ఆయన తిన్నగా పందిరి కిందికే వచ్చాడు. మాట్లాడింది అరవంలో, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఇదేం కాయ?"

"బూడిద గుమ్మడి సార్" అన్నాను.

వేలితో తట్టాడు. టక్ టక్.

"బాగా ముదిరింది సార్."

"సరే, ముదిరింది. దీనికి బకిల్ ఎందుకుంది?"

ఉయ్యాల కింద హెల్మెట్ పట్టీ వేలాడుతోంది. తోట పోయింది, నా వల్లే పోయింది అనుకున్నాను. ఏడుపొచ్చింది.

పెద్దమ్మ ముందుకొచ్చింది. "అసలు కాయని వీడు దిష్టికి కొట్టేసినాడు సార్. మూలమీద పడుండాది, చూడండి."

"చూడ్డమేంటమ్మా, దానిమీదే బండి జారబోయింది! ఒక్కో చెక్క చాటంత ఉంది. అది ఈ తోటదేనా?" ఆయన నవ్వాపుకోలేకపోయాడు. "అంత కాయ కాసే నేలమీద బళ్లు నిలిపిస్తే నాకు తగుల్తుంది దిష్టి" అంటూ కాగితం మీద రాశాడు.

తోట నిలిచింది. "ఈ తోటకి దిష్టి ఎవురో ఇప్పుడు తెలిసిందిలే" అంది పెద్దమ్మ. అప్పటినుంచి కాపు మొదలవగానే నన్ను పందిరి కింద కూర్చోబెట్టి, అన్నిట్లోకీ చిన్న కాయ నా చుట్టూ తిప్పి, మూలమీద తనే కొట్టొస్తుంది.

కాబట్టి కర్పూరం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా తలకంటే పెద్ద కాయను ముట్టను. తలంటే, హెల్మెట్ తీసి కొలిచిన తల.