మూడో ఓటమి తరువాత

అతని ఉద్యోగానికి తెలుగులో ఇంకా పేరు పుట్టలేదు. వీడియో గేములు తయారుచేసే కార్యాలయంలో, ఆట ఎక్కడ ఎంత కష్టంగా ఉండాలో నిర్ణయించడం అతని పని. వంటలో ఉప్పు చూసేవాడి వంటివాడనుకోవచ్చు; కాకపోతే ఇతడు వేసింది తినేవారికి తెలియకూడదు.

వరుసగా ఓడిన ఆటగాడు విసుగెత్తి ఫోను పక్కన పడేస్తాడు. అందుకని కార్ల పందెంలో అతడొక ఏర్పాటు చేశాడు. మూడో ఓటమి నుంచి ఇక ప్రతి పందెంలోనూ ఎదుటి కార్లు రవ్వంత నెమ్మదిస్తాయి. మలుపుల్లో ఆటగాడి కారు తనంతట తానే దారిలోకి వస్తుంది. గెలిచినవాడు అదంతా తన ప్రతాపమే అనుకుంటాడు. దీనికి ఆఫీసులో అతనికి దక్కిన బిరుదు ‘మేనమామ’. అల్లరి చేసినా మిఠాయి కొనిపెట్టే చుట్టానికి అంతకన్నా మంచి మాట మన భాషలో లేదు మరి.

అతని అక్క స్కూలు వ్యాను నడిపేది. మెట్ల మీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక వేళ్లు మాట వినలేదు. వాటికి పని చెప్పమని డాక్టరు అన్నప్పుడు, అతడే తన ఆటను ఆమె ఫోనులో వేసి ఇచ్చాడు. ఆ ఏర్పాటు సంగతి అప్పుడు గుర్తుకు రాలేదంటే అబద్ధం, వచ్చింది. గెలిస్తే ఉత్సాహంగా ఉంటుందిలే అనుకున్నాడు.

కొన్ని వారాల తరువాత ఒక ఆదివారం వాళ్లింటికి వెళ్లేసరికి అక్క సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఆడుతోంది.

“వరసగా గెలుస్తున్నాన్రా తమ్ముడూ. చెయ్యి వచ్చేసింది. రేపు బండి తీస్తానని స్కూలుకి చెప్పేశా.”

“కూర అడిగితే, ఈ మలుపు దాటనివ్వండి అంటోంది,” అన్నాడు బావ.

“మీకు కుళ్లు. ఒక్కసారి గుద్దేసి వదిలేశారుగా.”

అతనికి పిల్లలతో నిండిన వ్యాను మలుపు తిరగడం కళ్లకు కట్టింది. ఆ రోడ్డు మీద ఎదుటి బండ్లు నెమ్మదించవు.

జేబులోంచి ఆఫీసు ఫోను తీశాడు. ఆటను పరీక్షించేది అందులోనే. సాయాన్ని ఆపే వీలూ అందులోనే ఉంది. ఆపి, ఆమె చేతికిచ్చాడు.

“ఇందులో ఒకటి ఆడక్కా.”

మొదటి మలుపులోనే కారు గోడను కొట్టింది. రెండోసారీ, మూడోసారీ, నాలుగోసారీ అంతే. ఆ తరువాత ఆమె బొటనవేలు వణకడం ముగ్గురూ చూశారు. బావ టీవీ కట్టేశాడు.

“ఇది వేరే ఆటా?”

“అదే ఆటక్కా. నీ ఫోన్లో మాత్రం, ఓడిపోతుంటే అదే సాయం చేస్తుంది. నేనే పెట్టాను.”

“నాకు తెలియకుండానా?”

“ఎవరికీ తెలియదు. తెలియకూడదనే పెడతాం.”

ఆమె ఆ వేలిని మడిచి, చాచి చూసుకుంది. తిట్టి ఉంటే అతనికి కొంత తెరిపిగా ఉండేది.

“మొదట్నుంచీ ఇదే ఇచ్చుంటే, ఈపాటికి చెయ్యి కాస్తయినా వచ్చుండేది కదరా,” అంది.

ఆమె ఎడమచేత్తో స్కూలుకి ఫోను చేసింది. “రేపు రాలేనండీ. లేదండీ, నేనే తొందరపడి చెప్పాను,” అంటున్నంతసేపూ అతడు తల ఎత్తలేకపోయాడు.

“నీ ఫోను ఇక్కడే ఉంచి వెళ్లు,” అంది తరువాత, అతని వైపు చూడకుండా.

గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూండగా లోపల కారు గోడను కొట్టిన చప్పుడైంది. కాసేపటికి మళ్లీ.