కీచురాయి మిషను

మా వీధిలో మా బావ పేరు కీచురాయి. ఆ పేరు పెట్టింది ఆయన పెళ్లామే, అంటే మా అక్క. మందుల ఫ్యాక్టరీలో మురికినీళ్లు శుభ్రం చేసే షెడ్డులో ఆయన ఉద్యోగం. షెడ్డుకూ మా ఇళ్లకూ మధ్య ఒక గోడ, ఒక కాలవ, అంతే. నీళ్లలో మిగిలిపోయిన మందును విరగ్గొట్టాలంటే పెరాక్సైడ్ అనే రసాయనం పోసి, మిషను ఆన్ చెయ్యాలి. అది చెవికి అందని శబ్దాన్ని నీళ్లలోకి పంపుతుందట. ఆ అదురుకి సన్నటి బుడగలు పుట్టి, పగిలి, మందు ముక్కలైపోతుందట. చెవికి అందనిది ఎలా ఉండేదో గానీ, అందేది మాత్రం పళ్లు జివ్వుమనిపించేది.

"ఆ మోత లేకపోతే మందంతా కాలవలోకే పోతుందే," అనేవాడు బావ.

"పోనీలెండి, కాలవకైనా జబ్బులు రాకుండా ఉంటాయి," అనేది అక్క. వీధంతా పగలబడి నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

చివరికి అక్కే ఆడవాళ్లందరినీ వెంటేసుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది. తలలు పగిలిపోతున్నాయనీ, పిల్లలకు చదువు సాగడం లేదనీ అరిచింది. మిషను కరెంటు బిల్లు చూసి గుడ్లు తేలేస్తున్న ఆ పెద్దమనిషికి వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. అక్కకు కుర్చీ వేయించాడు. "మీరింతగా చెప్తే కాదంటానా తల్లీ," అన్నాడు. మర్నాటి నుంచి మిషను మూగబోయింది. తనిఖీకి ఎవరైనా వస్తే మాత్రం కాసేపు కూసేది. బావ ఉత్త పెరాక్సైడ్ పోసి, సగం శుభ్రమైన నీళ్లను కాలవలోకి వదిలేవాడు. ఇది తప్పని ఇంటికొచ్చి మొత్తుకునేవాడు. "హాయిగా నిద్రపడుతోంది, మీకేం పోయింది?" అనేది అక్క.

కొన్నాళ్లకు పెద్దవాన పడి, కాలవ పొంగి ఇళ్లలోకి వచ్చింది. నీళ్లు తోడుతుంటే అక్క పాదానికి రేకు కోసుకుంది. డాక్టరు రాసిన మాత్రల అట్ట మీద ఆ ఫ్యాక్టరీ పేరే ఉంది. "మనవాళ్ల మందే," అని అక్క మురిసిపోయింది కూడా. గాయం ఆ మందును లెక్కచేయలేదు. ఇంకోటి మార్చారు, అదీ అంతే.

"మీ వైపు నుంచి వచ్చేవాళ్లందరికీ ఇదే వరసమ్మా," అన్నాడు డాక్టరు. "నీళ్లలో రోజూ కాస్త కాస్త మందు కలుస్తుంటే క్రిములు దానికి అలవాటుపడి మొండికేస్తాయి."

మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

ఆ రోజు బావ ఆసుపత్రి నుంచి తిన్నగా షెడ్డుకి వెళ్లి, ఎవరినీ అడక్కుండా మిషను ఆన్ చేశాడు. అక్క కాలు పోయిందని తెలిసిన వాళ్లే, వీధి వీధంతా గేటు మీదికి వచ్చి గోల చేశారు. నాకు ఒళ్లు మండిపోయింది. సిగ్గులేని జనం! మేనేజరు బావను ఉద్యోగంలోంచి తీసేస్తూ, "దీన్ని ఆపమన్నది మీ ఆవిడేగా," అన్నాడు.

అక్క ఇంటికి వచ్చాక ఒకరోజు గోడ అవతల మిషను కూసింది. పక్కింటివాళ్లు తిట్టుకుంటూ కిటికీలు మూశారు.

"మనది తెరవరా," అంది అక్క మంచం మీది నుంచి.

తెరిచాను. కళ్లు మూసుకుని ఆ మోత వింటూ పడుకుంది. అంతలోనే అది ఆగిపోయింది.

"అప్పుడే ఆపేశారేం?" అంది.

"తనిఖీకి వచ్చినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు," అన్నాడు బావ.