ఖోసా మాట్లాడిన మా మేస్త్రి

మా గొడౌను మేస్త్రి మంగళవారం పొద్దున పోయారు. కబురు తెచ్చిన గుమాస్తా వాకిట్లోనే నిలబడి, "మీ మేస్త్రి పోయాడర్రా" అని, నాలుకని పై పళ్ళ వెనక ఆనించి రెండుసార్లు చప్పుడు చేశాడు. అయ్యోపాపం అనడానికి మనమంతా చేసే చప్పుడే. దక్షిణాఫ్రికాలో ఖోసా జనానికి అది ఒక అక్షరమనీ, ఆ చప్పుడుతో మొదలయ్యే మాటలు బోలెడు ఉన్నాయనీ మాకు చెప్పిన మనిషి ఇక లేరు.

పామర్రు దగ్గర నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టారాయన. మగ్గం మీద కూర్చోబుద్ధి పుట్టక, బందరు వెళ్ళి, ఓడలో బొగ్గు వేసే పనిలో కుదిరారు. ఆఫ్రికాలో ఈస్ట్ లండన్ అనే రేవులో జ్వరం పట్టుకుంటే ఓడవాళ్ళు ఒడ్డున దింపేసి చక్కా పోయారు. అప్పుడు ఇంట్లో పడుకోబెట్టుకుని గంజి తాగించింది ఒక ఖోసా ముసలమ్మ. కొన్నేళ్ళు ఆ ఇంట్లోనే ఉండి రేవులో మూటలు మోశారు. తర్వాత మళ్ళీ ఓడెక్కి దక్షిణ అమెరికా రేవులు తిరిగారు. స్పానిష్ అంటింది అక్కడే. చివరికి బెజవాడ వచ్చి, వన్ టౌన్‌లో బట్టల బేళ్ళు కట్టించే మేస్త్రి అయ్యారు. ఆయన చేతికింద పనివాణ్ణి నేను. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ణి.

బేలుకి చెరోపక్కా నిలబడి తాడు బిగించేటప్పుడు ఇవతలివాడికి అవతలివాడు కనబడడు. బయట తోపుడుబళ్ళ రొద. ఎంత అరిచినా వినబడదు. అందుకని బాబాయ్ మాకు ఖోసా చప్పుళ్ళు నేర్పారు. బండివాడు ఎద్దుల్ని అదిలించినట్టు బుగ్గలో నాలుక చప్పుడు చేస్తే, లాగమని. సీసా బిరడా ఊడినట్టు అంగిట్లో చప్పుడు చేస్తే, ఆపమని. ఎంత గోలలోనైనా అవి చెవిలో పడేవి.

ఒకసారి ఆయన లాగమని చప్పుడు చేసేసరికి గుమాస్తా సరిగ్గా ఆయన ముందునుంచి పోతున్నాడు. గిర్రున వెనక్కి తిరిగి, "ఏవయ్యా, నన్ను ఎద్దనుకున్నావా?" అన్నాడు.

"అబ్బే, లేదండీ. ఎద్దయితే ఈపాటికి కదిలేదండీ" అన్నారు బాబాయ్.

ఆయన వినయవంతుడని రాస్తే అబద్ధమే అవుతుంది. గొప్పలు తెగ చెప్పేవారు. తుపానులో ఓడని తానే ఒడ్డుకి చేర్చినట్టు చెబితే మేం నవ్వుకునేవాళ్ళం. ఒక్క భాషల సంగతిలో మాత్రం కోతలు ఉండేవి కావు. "స్పానిష్‌లో నాకొచ్చింది బేరాలూ బూతులేరా. ఖోసా అయితే కలలో కూడా వచ్చు" అనేవారు.

మధ్యాహ్నం కేరేజీలు విప్పాక ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టేవారు. రెండింట్లోనూ అచ్చులు మన అచ్చుల్లాగే తేటగా పలుకుతాయట. ఖోసాలో ప్రతి మాటా మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తుందట, స్పానిష్‌లో చాలా మాటలు అంతేనట. స్పానిష్‌వాడు బల్లని కూడా ఆడదాన్ని చేస్తాడు, ఖోసావాడు మాటలో ఆడా మగా తేడా చూడడు. "మనం ఆవు వచ్చింది అంటాం, అమ్మ వచ్చింది అంటాం. వాళ్ళు ఆడైనా మగైనా మనిషిని మనిషి వరసలోనే కూర్చోబెడతారు" అనేవారు. స్పానిష్‌లో మనకి మల్లే నువ్వుకీ మీరుకీ వేరువేరు మాటలున్నాయి. "స్పానిష్ రేవుల్లో నాకు ఆ నువ్వు అనే చిన్న మాటే దక్కేదిరా. ఖోసావాళ్ళ వాడలో అయితే పిల్లలు నన్ను టాటా అని పిలిచేవారు. నాన్న అని!" చెబుతూ చెబుతూ ముద్ద చేతిలోనే ఉంచుకునేవారు.

ఈ సంగతి చదువుకున్నవాళ్ళ చెవిన పడింది. పఠన మందిరం కార్యదర్శి ప్లీడరుగారు గొడౌనుకి వచ్చి, ఉపన్యాసం ఇమ్మన్నారు. బాబాయ్ చొక్కా ఉతికించుకున్నారు. బేళ్ళ మీద చెయ్యి చరుస్తూ మా ముందు వారంపాటు సాధన చేశారు. తీరా ముందురోజు ప్లీడరుగారు మళ్ళీ వచ్చారు.

"స్పానిష్ చాలండి. గొప్ప సాహిత్యం ఉన్న భాష. ఆ రెండోది వద్దు. నోటితో టకటకలాడిస్తే సభలో పెద్దలు నవ్వుతారు."

"రాని భాష గురించి మాట్లాడమంటారు, వచ్చిన భాష గురించి వద్దంటారు. ఇదేం సభండీ?"

"అది భాషెలా అవుతుందయ్యా?"

బాబాయ్ ఉపన్యాసానికి వెళ్ళలేదు. ఆ రోజు మామూలుకంటే ఎక్కువ బేళ్ళు కట్టించారు. మధ్యాహ్నం కేరేజీ విప్పలేదు. ఆ తర్వాత మా ముందు కూడా భాషల ఊసు బాగా తగ్గించేశారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతోంది.

గురువారం సాయంత్రం అదే పఠన మందిరంలో సంతాప సభ పెట్టారు. పనివాళ్ళం అందరం వెళ్ళాం. ప్లీడరుగారు తీర్మానం చదివారు: "స్పానిష్ భాషలో ఆరితేరిన మన మేస్త్రిగారి మరణానికి..." ఖోసా పేరే లేదు. బతికుండగా ఆయన నోట్లోంచి ఏది లాక్కున్నారో, పోయాక ఆయన పేరులోంచీ అదే తీసేశారు.

నేను లేచాను. "ఖోసా కూడా రాయండి. ఆయనకి బాగా వచ్చింది అదే."

"కూర్చోవయ్యా. ఇది సంతాప సభ, తగువు పెట్టుకునే చోటు కాదు."

"రెండు మాటలేగదండీ, చేర్చండి."

"ఆ అనాగరికుల గోల ఇక్కడెందుకు?"

మన తెలుగుని నాటుభాష అన్నాడని నిన్నటిదాకా తెల్లవాణ్ణి ఇదే బల్ల గుద్ది తిట్టారు ఈ పెద్దలు. తెల్లవాడు వెళ్ళిపోయాడు. వాడి కళ్ళజోడు మాత్రం వీళ్ళు పెట్టుకున్నారు. నేను బడి మెట్టు ఎక్కినవాణ్ణి కాను, అట్టపెట్టెల మీద పేర్లు కూడబలుక్కుని చదవడం నేర్చినవాణ్ణి. అయినా అడుగుతున్నాను. జ్వరంతో పడి ఉన్న పరాయివాడి నోట్లో గంజి పోసిన ముసలమ్మ అనాగరికురాలైతే, ఆమె మాటని చచ్చినవాడి పేరు పక్కన ఉండనివ్వని వీళ్ళని ఏమనాలి? ఆ మాట మొహం మీదే అనేసి బయటికి వచ్చేశాను. పనివాళ్ళంతా నా వెనకే వచ్చారు.

తిన్నగా బాబాయ్ ఇంటికి వెళ్ళాం. పిన్ని అరుగు మీద కూర్చుని ఉంది.

"సభలో ఏమన్నార్రా?"

"ఆయనకి స్పానిష్ గొప్పగా వచ్చని పొగిడారు పిన్నీ."

"ఆయనకా? రోకలి కాలిమీద పడ్డప్పుడు తిట్టుకోడానికే కదరా అది!" అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకి అద్దుకుంది. "నాతో మాట్లాడింది ఆ రెండో భాషే. పొద్దున్నే లేవగానే, ఉవూకె న్జాని, అనేవారు. ఎలా లేచావు, అని. ఆ ముసలమ్మ ఆయన్ని రోజూ అలా అడిగేదిట. న్దివుకిలె, అనాలి నేను. లేచాను, అని. రెండు రోజుల్నించీ మెలకువ రాగానే జవాబు నోటిదాకా వచ్చేస్తోందిరా. అడిగే మనిషేడీ?"

నేను అడగబోయాను. నాలుక తిరగలేదు.

"అలా కాదు. ముక్కులోంచి అందుకో" అంది.

మళ్ళీ అన్నాను. నా పక్కవాడు అన్నాడు. తర్వాత అందరం గొంతెత్తి అన్నాం. సభ ముగించుకుని అదే వీధిన పోతున్న పెద్దమనుషులు ఆగి చూశారు. పిన్ని అటు చూడలేదు. అరుగు మీద నిటారుగా కూర్చుని, మాలో ఒక్కొక్కరి మొహం చూస్తూ, ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు చెప్పింది.