తొలి వాన మిద్దెది

“నాయన ఇంక లేడు మేడం” అని ఆళ్లగడ్డ నుంచి పంపన్న కూతురు ఫోన్ చేసినప్పుడు నేను నంద్యాలలో, మా యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్ మిద్దె మీదున్నాను. వానలకు ముందు మిద్దె ఊడ్పించడం ఆయన నేర్పిన పనే. చీపురు పక్కన అట్లాగే కూర్చుండిపోయాను.

ఆయన మా పంపు ఆపరేటరు. పిల్లలకు పంపన్న. నేను కెమిస్ట్రీ చెబుతాను, హాస్టల్ వార్డెన్‌ని కూడా.

ఒక ఎండాకాలం బోర్లు దాదాపు ఎండిపోయాయి. పరీక్షల ముందు హాస్టల్ మూసేద్దామన్నారు. ఇంటికి పోయిన పిల్లల్లో కొందరు మళ్లీ చదువుకు రారని నా భయం. పంపన్న స్నానాల నీళ్లకు కాలువ తీసి చెట్లకు మళ్లించాడు. చెట్లకు పోస్తున్న మంచినీళ్లు పిల్లలకు మిగిలాయి, హాస్టల్ నిలిచింది. కుళాయి కారుతుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. “ఎవరి పెళ్లమ్మా, ఇట్లా పారిస్తాండారు?” అని అడిగేవాడు.

ఆ ఏడే మిద్దె మీది వాననీళ్లు సంపులోకి దిగేలా గొట్టాలు వేయించాం. తొలి వాన పడ్డ రోజు ఆయన సెలవు. నేనే సంబరంగా గొట్టం వాల్వును సంపు వైపు తిప్పాను. మర్నాడు మూత తీస్తే సంపు నిండా పావురాల రెట్టా, మిద్దె మీది దుమ్మూ. చెప్పేది కెమిస్ట్రీ! ఆయన కోప్పడలేదు. అంతా తోడి జామచెట్లకు పోసి, చేతులు కడుక్కుంటూ అన్నాడు:

“తొలి వాన మిద్దెది మేడం. అది కడుక్కోనీ. మన నీళ్లు యాడికీ పోవు, ఎనకాలే వస్తాండాయి.”

అప్పట్నుంచి ప్రతి వానకూ తల మీద తువ్వాలు వేసుకుని గొట్టం కింద నిలబడేవాడు. దోసిట్లో పట్టి, చూసి, వాసన చూసి పారబోసేవాడు. తృప్తి పడ్డాకే నీళ్లను సంపులోకి వదిలేవాడు. నా పరీక్షనాళికలూ అదే మాట చెప్పేవి, కాస్త ఆలస్యంగా. ఆయన దగ్గర నేర్చుకున్నానని ఒక్కసారైనా ఆయనతో చెప్పలేదు. ఆ బాధ నాకుంది.

పోయిన వారం తొలి వాన పడింది. నేను క్లాసులో ఉన్నాను. ఆయన పనిలోకి ఇంకా ఎవరూ రాలేదు. ఆ మురికంతా సంపులోకి పోతుందేమోనని పాఠం మధ్యలో ఆపి తడుస్తూ పరిగెత్తాను.

గొట్టం దగ్గర రుద్రవరం అమ్మాయి ఉంది. ఆ ఎండాకాలం ఇంటికి పంపేస్తారేమోనని నా గదిలో ఏడ్చిన పిల్ల, ఇప్పుడు పీజీ చదువుతోంది. చున్నీ తల మీద కప్పుకుని నీళ్లను బయటికే వదులుతోంది. నీళ్లు తేటగానే కనిపించాయి. నేను వాల్వు మీద చెయ్యి వేశాను.

దోసిలి వాసన చూసి ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

“ఇంకా మిద్దెదే మేడం” అంది.

చెయ్యి తీసేశాను. ఆ అమ్మాయి నీళ్లు పారబోసి, మళ్లీ దోసిలి పట్టింది.